కరెంటు బిల్లు ఉంటేనే బ్యాక్‌హ్యాండ్

మొన్న రాత్రి పదకొండింటికి మా కర్నూలు మిత్రుడు ఫోన్ చేసి, "అన్నా, నాకు ఇక్కడ నిరవధికంగా ఉండే ఉద్దేశం ఉందంటావా?" అని అడిగాడు. లేఆఫ్ అయిందేమో, వీసా కాగితాల్లో ఏదైనా మెలిక పడిందేమో అని నా గుండె జారిపోయింది. తీరా చూస్తే అడిగింది ఇమిగ్రేషన్ వాళ్లు కాదు. పదో తరగతి చదువుతున్న వాళ్లబ్బాయి టెన్నిస్ ఆడొచ్చో లేదో తేల్చే కమిటీ అడగబోతోందట, అందుకు ఆయన ముందుగా ప్రిపేర్ అవుతున్నాడు.

కథ చిన్నదే. డాలస్ శివార్లలో అద్దె పెరిగింది, లీజు అయిపోయింది, తొమ్మిది మైళ్ల అవతల ఇంకో ఊళ్లో ఇల్లు దొరికింది, మారారు. ఇల్లు మారింది కాబట్టి స్కూలు మారింది. ఇండియాలో అయితే టీసీ తీసుకుని, హెడ్మాస్టరు గారికి ఓ నమస్కారం పెట్టి వచ్చేస్తాం. టెక్సాస్‌లో అలా కుదరదు. ఇక్కడ ప్రభుత్వ స్కూళ్ల ఆటల పెత్తనం యూఐఎల్ (యూనివర్సిటీ ఇంటర్‌స్కాలస్టిక్ లీగ్) అనే సంస్థది, ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ నీడలో 1910 నుంచీ ఉంది. పాత స్కూలు తరఫున ఆడిన పిల్లవాడు కొత్త స్కూల్లో చేరితే "గతంలో ఆడిన ఆటల ఫారం" ఒకటి నింపాలి. ఈ పిల్లవాడు ఆట కోసమే స్కూలు మారుతున్నాడా, కోచ్‌తో గొడవ పడ్డాడా అనేది అందులో చెప్పాల్సింది ఎవరో తెలుసా? పాత స్కూలు. అంటే మంచి ఆటగాడిని పోగొట్టుకుని ఒళ్లు మండి కూర్చున్నవాళ్లు. ఆట కోసమే మారాడని తేలితే ఏడాది పాటు వర్సిటీలో, అంటే స్కూలు ప్రధాన జట్టులో, ఆడకూడదు. కావాలంటే చిన్న జట్టులో ఆడుకోవచ్చు. వాళ్ల దయ.

పాత కోచ్ గారు "అవును, ఆట కోసమే" అన్న గడిలో టిక్కు పెట్టారు. ఆధారం? ఈ కుర్రాడు శనివారాలు వెళ్లే టెన్నిస్ అకాడమీకి కొత్త స్కూలు పిల్లలు కూడా నలుగురు వస్తారు. ఆ అకాడమీకి డాలస్‌లో సగం తెలుగు పిల్లలు వస్తారనుకోండి, అది వేరే సంగతి.

ఇక ఇల్లు నిజంగా మారారా లేదా అన్న పరీక్ష. ఆ నిబంధనల్లో పరిశీలించాల్సిన ప్రశ్నలు చదివి నేను కాఫీ చల్లార్చుకున్నాను. మీ సామాను, ఫర్నిచరు ఈ స్కూలు పరిధిలోనే ఉన్నాయా? ఆఫీసు ఉత్తరాలు కాకుండా మిగతా ఉత్తరాలు ఇక్కడికే వస్తున్నాయా? ఇక్కడ ఓటరుగా నమోదయ్యారా? ఇక్కడ నిరవధికంగా నివసించే ఉద్దేశం ఉందా?

మా మిత్రుడు పదకొండేళ్లుగా హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నాడు. ఆరేళ్ల గడువు ఎప్పుడో దాటింది, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 అర్జీ పుణ్యమా అని మూడేసి ఏళ్లు పొడిగించుకుంటూ బతుకుతున్నాడు. గ్రీన్‌కార్డు క్యూ కదిలే వేగం చూస్తే ఆయన వంతు వచ్చేనాటికి ఈ కుర్రాడి మనవడు మోకాలి నొప్పితో టెన్నిస్ మానేసి ఉంటాడు. ఆ మనిషిని పట్టుకుని నిరవధికంగా ఉండే ఉద్దేశం ఉందా అంటారా? ఉద్దేశానికేం లోటు, కావలసినంత ఉంది! ఇక ఓటు. ఈ దేశంలో పౌరుడు కానివాడు ఓటరుగా నమోదైతే నేరం, నమోదు కాకపోతే అనుమానం. ఇవన్నీ తప్పనిసరి షరతులు కావు, ఊరికే పరిశీలనాంశాలేనని నిబంధనలు తెలిసిన ఒకాయన నాకు ఓపిగ్గా చెప్పాడు. నిజమే. పెళ్లిచూపుల్లో అమ్మాయి చేత పాట పాడించడం కూడా పరిశీలనాంశమే.

ఇంత విన్నా నాకు కోపం రాలేదు, నవ్వే వచ్చింది. కమిటీలో ఎవరుంటారు అని అడిగినప్పుడు మాత్రం నవ్వు ఆగింది. దాన్ని డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్ కమిటీ అంటారు. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు, పోటీల్లో ఒకరితో ఒకరు తలపడే స్కూళ్ల గుంపు. ఆ స్కూళ్ల ప్రతినిధులే కమిటీ. అంటే ఈ కుర్రాడు ఆడొచ్చా అని ఓటేసేవాళ్లంతా రేపు వీడికి ఎదురుగా తమ పిల్లల్ని నిలబెట్టాల్సినవాళ్లే. ఎలుకకు పిల్లి సాక్ష్యం అని మన పెద్దలు అన్నారు గానీ, పిల్లికి జడ్జీ కుర్చీ కూడా వేయొచ్చని వాళ్లకు తోచలేదు పాపం.

మాది భీమవరం పక్క. సంక్రాంతికి కోడిపందేల బరులు చూస్తూ పెరిగినవాణ్ని, కాబట్టి న్యాయశాస్త్రం కొంత తెలుసు. ఒక్కసారి ఊహించండి. బరి దగ్గర జనం కిటకిటలాడుతున్నారు, మీరు మీ డేగ పుంజును చంకలో పెట్టుకుని వచ్చారు. ఎదుటి కాకి పుంజు యజమాని లేచి కళ్లద్దాలు సర్దుకుని, "ముందు ఈ కోడి అర్హత తేలుద్దాం. ఇది పోయినేడు ఉండిలో ఉండేది కదా? భీమవరం ఎందుకొచ్చింది?" అంటాడు. "గూడు మార్చామండీ" అంటారు మీరు. "గూడు నిజంగా మార్చారా, లేక పాత గూట్లో ఇంకా గింజలు ఉన్నాయా? దీని గంప ఎక్కడుంది? ఇది రోజూ ఎక్కడ కూస్తోంది? ఆ కూత విన్నవాళ్లు ఎవరైనా అఫిడవిట్ ఇస్తారా?" పక్కనే ఇంకో నలుగురు, వాళ్లందరి చంకల్లోనూ కోళ్లు, గంభీరంగా తలలాడిస్తుంటారు. "మాకు ఎవరి మీదా కోపం లేదండీ, ఆట పవిత్రత ముఖ్యం" అంటాడు ఒకడు, తన కోడి కాలికి కత్తి కట్టుకుంటూ. చివరికి ఓటింగ్. నాలుగుకు సున్నా. మీ కోడి ఏడాది పాటు పిల్లకోళ్ల బరిలోనే దిగాలి. నిజం చెబుతున్నా, మా ఊళ్లో పందెం రాయుళ్లు చేయని ఘోరం లేదు, కానీ ఎవడైనా ఈ మాటంటే వాడిని అక్కడే బరిలో దింపేవాళ్లు.

ఇంకో చిత్రం చూడండి. మన తెలుగువాళ్లు అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు వాస్తు తర్వాత చూసేది స్కూలు రేటింగే, కొందరైతే వాస్తు కంటే ముందు. పదికి పది ఉన్న స్కూలు కోసం ఉన్న ఇల్లు అమ్మి, రెట్టింపు లోను నెత్తిన పెట్టుకుని మారినవాళ్లు మన వాట్సాప్ గ్రూపులో బోలెడుమంది. అదే యూఐఎల్ నంబర్ సెన్స్ అని లెక్కల పోటీ కూడా పెడుతుంది. లెక్కల కోసం మారితే "బాధ్యత గల తండ్రి". టెన్నిస్ కోసం మారితే "క్రీడా ప్రయోజనాల కోసం మారిన వ్యక్తి". పిల్లవాడికి బాగా వచ్చింది ఏదో దానికి మంచి గురువు దొరికే చోటికి వెళ్లడం ఒకచోట సంస్కారం, ఇంకోచోట నేరం ఎందుకైందో నాకు చెప్పగలిగినవాళ్లకు భోజనం పెట్టిస్తాను.

దొంగలు లేరని అనడం లేదు. ఖాళీ అపార్ట్‌మెంటులో ఒక పరుపు పడేసి ఇదే మా ఇల్లు అనేవాళ్లు ఉన్నారు, కాలిఫోర్నియాలో తప్పుడు కాగితాలిస్తే 24 నెలల దాకా నిషేధం పెట్టేది ఊరికే కాదు. పట్టుకోండి, ఎవరు వద్దన్నారు? వర్సిటీ ఫుట్‌బాల్ పిచ్చి పట్టిన పెద్దవాళ్లు చేసే వెధవ పనులకు ప్రతి పిల్లవాడి చేతా నిజాయితీ నిరూపించుకోమనడం దేనికి?

కోర్టుకు వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లారు. వెర్మాంట్ నుంచి కుటుంబంతో సహా ఆస్టిన్ వచ్చిన ఒక కుర్రాడిని ఇదే యూఐఎల్ ఆడనివ్వకపోతే, స్కూలు మారిన ప్రతివాడినీ ఒకే గాటన కట్టి ఏడాది కూర్చోబెట్టడం చెల్లదని 1981లో టెక్సాస్ సుప్రీంకోర్టు కొట్టేసింది. నియమం పోయింది, దాని స్థానంలో "ఉద్దేశం" వచ్చింది. ఇది ఇంకా హాయి. ఉద్దేశాన్ని ఎక్స్‌రే తీయలేం కదా.

టెనెస్సీలో ఇంకా రసవత్తరం. 1997లో బ్రెంట్‌వుడ్ అకాడమీ అనే ప్రైవేటు స్కూలు ఫుట్‌బాల్ కోచ్ ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక ఉత్తరం రాశాడు, వసంతకాలం ప్రాక్టీసుకు రండర్రా అని, కింద "మీ కోచ్" అని సంతకం. వాళ్లు అప్పటికే ఆ స్కూల్లో చేరతామని సంతకాలు పెట్టినవాళ్లే, చేరడమే మిగిలింది. రాష్ట్ర క్రీడా సంఘం మూడు వేల డాలర్ల జరిమానా వేసింది. కేసు అమెరికా సుప్రీంకోర్టుకు ఒకసారి కాదు, రెండుసార్లు వెళ్లింది. 2001లో స్కూలు గెలిచింది, 2007లో సంఘం గెలిచింది. పదేళ్లు! ఉత్తరం అందుకున్న పిల్లలు అప్పటికి హైస్కూలు, కాలేజీ కూడా దాటేసే వయసులో ఉంటారు. దేశంలోకెల్లా గొప్ప న్యాయమూర్తులు తొమ్మిదిమంది కూర్చుని "మీ కోచ్" అన్న సంతకం బరువు తూచారు.

పోనీ స్టే తెచ్చుకుని ఆడదామా? చాలా రాష్ట్రాల్లో దానికీ విరుగుడు ఉంది. కోర్టు ఆర్డరుతో ఆడిన పిల్లవాడి కేసు తర్వాత ఓడిపోతే, ఆ జట్టు గెలిచిన మ్యాచులన్నీ రద్దు చేసే అధికారం సంఘాలు ముందే రాసుకున్నాయి. అప్పుడు ఏ కోచ్ ధైర్యం చేస్తాడు? చేతిలో జడ్జీ సంతకం ఉంటుంది, ఒంటి మీద యూనిఫాం ఉంటుంది, కుర్రాడు మాత్రం బెంచీ మీదే ఉంటాడు. సీజన్ ఎలాగూ అయిపోతుంది, "ఇక తేల్చడానికి ఏమీ మిగల్లేదు" అని కేసు మూసేస్తారు.

అదే కోచ్ ఎక్కువ జీతానికి పక్క స్కూలుకు దూకితే ఏడాది కూర్చోమనే ఫారం ఏదీ లేదు. కాలేజీ ఆటగాళ్లయితే 2024 నుంచి చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లైనా మారి వెంటనే ఆడొచ్చు, పైగా డబ్బులు. ఫ్లోరిడా 2016లోనే చట్టం చేసి హైస్కూలు పిల్లలను మారిన వెంటనే ఆడనిచ్చింది, అక్కడ ఆకాశం ఊడి పడలేదు.

నాకు నవ్వు పూర్తిగా పోయింది మాత్రం ఆ యూఐఎల్ నిబంధనల్లో ఇంకో వాక్యం దగ్గర. తల్లిదండ్రులు విడాకులు తీసుకుంటే ఒక లెక్క. విడిపోయారు గానీ విడాకులు ఇంకా రాలేదంటే, ఆ తల్లితోనో తండ్రితోనో కొత్త స్కూలుకు వచ్చిన పిల్లవాడికి ఏడాది అనర్హత, కావాలంటే మినహాయింపుకు దరఖాస్తు పెట్టుకోవాలి. భర్త వీసాను ఆనుకుని ఉండే హెచ్‌4 మీద వచ్చి, బ్యాంకు ఖాతా కూడా తన పేరు మీద లేని ఒకావిడ, తన్నులు భరించలేక అర్ధరాత్రి పిల్లాడి చెయ్యి పట్టుకుని స్నేహితురాలి ఇంటికి పోయిందనుకోండి. అలాంటివాళ్లు మన మధ్యే ఉన్నారు, మనందరికీ తెలుసు, మాట్లాడుకోం అంతే. లాయరుకు డబ్బుల్లేని ఆ మనిషి విడాకుల కాగితం ఎక్కణ్నుంచి తేవాలి? తన ఒంటి మీద దెబ్బల కథ దరఖాస్తుగా రాసి ఎవరికో పంపాలా, కొడుకు బంతి ముట్టుకోవడానికి? ఇల్లు కూలిపోయిన పిల్లవాడికి మిగిలింది సాయంత్రం రెండు గంటల ఆట. అది కూడా లాక్కుని, ఫైల్లో పెట్టి, దాని మీద "సమాన అవకాశాల కోసం" అని స్టాంపు వేస్తారా? సిగ్గుండాలి. హైస్కూలంటే నాలుగేళ్లు. అందులో ఏడాది అంటే పిల్లాడికి పావు వంతు జీవితం, మీకు ఒక మీటింగు.

మా కర్నూలు మిత్రుడి విచారణ వచ్చే మంగళవారం. సామాను మార్చిన లారీ రసీదు, సోఫా ఫొటోలు, హెచ్‌1బీ పొడిగింపు కాగితం అన్నీ ఫోల్డర్లో పెట్టుకున్నాడు. పిల్లాడు మాత్రం మూడు నెలల కరెంటు బిల్లులు తన రాకెట్ల బ్యాగులోనే పెట్టుకుని తిరుగుతున్నాడట, ప్రాక్టీసుకు వెళ్లినా సరే, ఎవరైనా అడుగుతారేమోనని.