అమ్మాయి ఇన్‌హేలర్‌ని అటకెక్కించొద్దు

బెంగళూరు దుమ్ము గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఇక్కడి పిల్లల్లో 1979లో 9 శాతంగా ఉన్న ఆస్తమా 1999కల్లా 29.5 శాతానికి చేరిందని డాక్టర్ హెచ్. పరమేశ్ ఆస్పత్రికి వచ్చిన పిల్లల లెక్కలతో ఎప్పుడో చూపించారు. నా గొడవ గాలితో కాదు, ఇంట్లో వినిపించే మాటతో. మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు తెలుగు ఇళ్లలో ఆడపిల్లకి ఆయాసమొస్తే పెద్దవాళ్లు అనేదొకటే: "పెద్దమనిషైతే అదే పోతుందిలే."

పోతుందన్న హామీ ఏం లేదు. జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలు వచ్చే చంటిపిల్లల్లో చాలామందికి బడి వయసుకి తగ్గిపోతుంది, నిజమే. కానీ చిన్నప్పుడు మగపిల్లల్లో ఎక్కువగా కనిపించే ఆస్తమా, యుక్తవయసు దాటాక ఆడవాళ్లలోనే ఎక్కువ. అంటే తగ్గుతుందని మనం ధీమాగా ఉండే వయసులోనే అమ్మాయికి అసలు ముప్పు.

మూడేళ్ల పిల్లకి మాస్కు పెట్టి, స్పేసర్ (మందు లోపలికి సరిగ్గా వెళ్లేలా ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) పట్టుకుని పఫ్ ఇచ్చేది అమ్మ. జబ్బు ఎంత అదుపులో ఉందో చూసే ప్రశ్నపత్రంలో కూడా 4 నుంచి 11 ఏళ్ల వరకు నాలుగు ప్రశ్నలు పిల్లకి, మూడు తల్లిదండ్రులకి. 12 దాటాక ఐదు ప్రశ్నలూ పిల్లకే. స్కోరు 19 లేదా అంతకన్నా తక్కువైతే అదుపు తప్పినట్టు. అమ్మ పక్కకి తప్పుకునే ఆ వయసులో మనం పిల్లకి నేర్పేదేమిటి? దాచడం! చుట్టాలొస్తే ఇన్‌హేలర్ వంటింట్లో స్టీలు డబ్బాల వెనక్కి పోతుంది. పిల్ల బాత్రూంలో తలుపేసుకుని, స్పేసర్ లేకుండా, గబగబా ఒక పఫ్ లాగేస్తుంది. మందు చాలావరకు నాలుకకీ గొంతుకీ అంటుకుపోతుంది. రోజూ వాడాల్సిన మందు మానేసి, ఆయాసమొచ్చినప్పుడే పీల్చేదానితో సరిపెట్టుకుంటుంది. 12 దాటినవాళ్లకి అది ఒక్కటే చాలదని ఆస్తమా వైద్యానికి ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు చూసే గినా మార్గదర్శకాలు 2019లోనే తేల్చేశాయి.

రోజూ పీల్చే ఆ మందు స్టెరాయిడ్ కదా, భయం కాదా అంటారు. పీల్చే మందు మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. ఎత్తు తగ్గినా సుమారు ఒక సెంటీమీటరు. రాత్రంతా కూర్చుని ఊపిరి కోసం తన్నుకులాడే పిల్ల ముందు అదొక లెక్కా?

అసలు భయం ఎత్తు గురించి కాదు, పెళ్లి గురించి. ఆస్తమా ఉందంటే సంబంధాలు రావట! పాతికేళ్లకి జరిగే పెళ్లి కోసం పదమూడేళ్ల పిల్ల ఊపిరిని తాకట్టు పెడుతున్నాం. ఐటీ జీతాలు, అపార్ట్‌మెంట్లు వచ్చాయి కానీ ఆడపిల్ల ఒంటిని సరుకులా చూసే బుద్ధి మాత్రం ఊరి నుంచి మనతోపాటే బస్సెక్కి వచ్చింది. పోనీ దాచి పెళ్లి చేశారనుకుందాం. గర్భంతో ఉన్నప్పుడు ఆస్తమా అదుపులో లేకపోతే నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు పెరుగుతుంది. అప్పుడు ఎవరికి చెప్పుకుంటారు?

అబ్బాయిల తల్లులకీ ఒక మాట. "అమ్మాయికి ఆయాసం ఉందా" అని కాదు, "మందు సరిగ్గా వాడుతోందా" అని అడగండి. అమ్మాయి తల్లులు ఆ ఇన్‌హేలర్‌నీ స్పేసర్‌నీ తెచ్చి హాల్లో టీవీ పక్కనే పెట్టండి. చుట్టాలున్నా సరే, వేళకి పఫ్ తీసుకుని నోరు పుక్కిలించమనండి.