మౌనం... నం... నం...

మనిషి గొంతుకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. ఒకసారి అన్న మాటను అది ఒకసారే అంటుంది. ఈ లోపాన్ని మన మైకుసెట్టువారు ఎన్నడో సరిదిద్దారు. పెళ్లి కానివ్వండి, వినాయకుడి పందిరి కానివ్వండి, చివరికి తప్పిపోయిన పిల్లవాడి గురించిన ప్రకటన కానివ్వండి, ఎకో లేనిదే మన దగ్గర మాట మాట కాదు.

మొన్న ఆదివారం మా వీధిలో తెలుగు మాస్టారి సంతాప సభ జరిగింది. షామియానా, అరవై కుర్చీలు, దండ వేసిన ఫోటో, ఆ ఫోటోకు అటు రెండు ఇటు రెండు నిలువెత్తు సౌండు బాక్సులు. అరవై మందికి నాలుగు బాక్సులు ఎందుకని అడిగే అమాయకులు మా వీధిలో లేరు. పక్కన బల్ల మీద, నీలం దీపాలతో మిలమిల మెరుస్తూ ఒక కొత్త యంత్రం. మైకు సంకేతాన్ని పెంచే ప్రీయాంప్, గొంతుకు మెరుగులు దిద్దే వోకల్ ప్రాసెసర్ రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయట. ఫోటోకు దండం పెట్టి వచ్చినవారిలో సగం మంది దీనికీ ఓ దండం పెట్టారు.

ఇలాంటి యంత్రాన్ని ఎలా అమర్చుకోవాలో దానితోపాటు వచ్చే పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం విప్పే ఆచారం మనకు లేదు కాబట్టి నేనే చెబుతాను. మైకు నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టుల బలహీనమైన సంకేతం. ప్రీయాంప్ దాన్ని పైకెత్తుతుంది. ఆ పెంచే మోతాదే గెయిన్. 60 డెసిబెల్స్ గెయిన్ పెడితే వోల్టేజి 1000 రెట్లు అవుతుంది. ఎంత గట్టిగా మాట్లాడినా, మోతాదు మించిందని చెప్పే ఎర్ర దీపం వెలగని చోట గెయిన్ ఆపాలన్నది కంపెనీవారి మూఢనమ్మకం. మా వీధి శాస్త్రం ప్రకారం ఎర్ర దీపం వెలగలేదంటే యంత్రానికి కరెంటు అందలేదన్నమాట. ఫాంటమ్ పవర్ అనే మీట ఒకటుంది. అది, కరెంటు అందితేనే పనిచేసే కండెన్సర్ మైకులకు 48 వోల్టులు పంపడానికి. మా ఊళ్లో అలాంటి మైకును కళ్లతో చూసినవారు లేరు గానీ, నొక్కితే వెలుగుతుంది కనుక అదీ నొక్కి ఉంచారు. అరిచేవాడిని కాస్త అణచి, గొణిగేవాడిని కాస్త పైకి తెచ్చే కంప్రెసర్ అనే సదుపాయం కూడా ఉంది. సభలకు ఇంతకన్నా అవసరమైనది మరొకటి లేదు. దాన్ని ఆపేశారు.

ఇక ఎకో. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మన మాట సెకనులో మూడోవంతు కన్నా కొంచెం ముందుగా, 300 మిల్లీసెకన్లకు తిరిగి మన చెవిన పడాలంటే యాభై మీటర్ల దూరంలో పెద్ద గోడ ఉండాలి. మా షామియానాకు గోడలే లేవు. యాభై మీటర్ల దూరంలో ఉన్నది మురుగుకాలువ. అయినా మైకు అబ్బాయి 300 పెట్టాడు. తాజ్‌మహల్లో నిలబడి మాట్లాడినట్టు ఉంటుందన్నాడు. అది సమాధే కాబట్టి సందర్భానికి తగినట్టే ఉందని నేనూ సరిపెట్టుకున్నాను.

వార్డు నాయకుడు లేచాడు. “సోదర సోదరీమణులారా” అన్నాడు. లారా... లారా... లారా... అని బాక్సులు క్రికెట్ ఆటగాడినెవరినో పిలిచాయి. “మాస్టారు ఇక లేరు” అన్నాడు. లేరు... లేరు... లేరు... ముందు వరసలో కూర్చున్న మాస్టారి భార్య ఆ మాట ఆసుపత్రిలో ఒక్కసారే విన్నది. “ఆ కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి” అన్నాడు. భూతి... భూతి... అంటే బూడిదే కదా అని నా పక్కనున్న వ్యాకరణం మాస్టారు గొణిగారు. తర్వాత లేచిన బ్యాంకు ఉద్యోగికి తొందరెక్కువ. ఒక మాట తోక తెగకముందే ఇంకో మాట ఎక్కించాడు. “ఆయన ఎవరినీ నొప్పించలేదు, ఎవరి దగ్గరా చేయి చాచలేదు, ఒక్క రోజు సెలవు పెట్టలేదు” అన్నాడట. అది మేం తర్వాత అడిగి తెలుసుకున్నాం. అక్కడ వినిపించింది మాత్రం లేదు, లేదు, లేదు, లేదు. పోలీసుల ముందు నిలబెట్టినవాడిలా సభ మొత్తం దేన్నో ఖండిస్తూ పోయింది.

అప్పుడు మాస్టారి స్నేహితుడొకాయన చేతికర్ర ఊతంగా వేదిక ఎక్కారు. పద్యనాటకాల్లో మాస్టారు ధర్మరాజు, ఈయన కృష్ణుడు. మైకు అందని తిరనాళ్లలో చివరి వరసకు అక్షరం అక్షరం వినిపించిన గొంతు. ఒకప్పుడు ఐదున్నర శ్రుతి, ఇప్పుడు నాలుగున్నర. హార్మోనియం పెట్టించుకుని, కళ్లు మూసుకుని ముఖారి రాగంలో ఒక పద్యం ఎత్తుకున్నారు. మైకు అబ్బాయి, పెద్దాయన కదా, గొంతు వణుకుతుందేమోనని దయతలచి, శ్రుతి సరిచేసే మీట నొక్కాడు.

ఆ మీట పుట్టుక విచిత్రమైనది. భూమి పొరల్లో చమురు ఎక్కడుందో వెదికే లెక్కలు చేసిన అమెరికా ఇంజినీరు ఒకాయన, ఆ విద్యనే గొంతు మీద ప్రయోగించి 1997లో తెచ్చాడు. దానికి మనం ఏ స్వరాలు చెబితే అవే స్వరాలు. మధ్యలో ఏది వినబడినా పక్క మెట్టు మీదికి లాగి కూర్చోబెడుతుంది. ముందురోజు పెళ్లిలో పాటకని పెట్టిన సి మేజర్ అనే పాశ్చాత్య స్వరాల వరస దానిలో అలాగే ఉంది. నాలుగున్నర శ్రుతి అంటే ఆ లెక్కలో ఎఫ్ షార్ప్ అనే స్వరం. సి మేజర్‌లో ఆ స్వరమే లేదు. అంటే ఆయన షడ్జమమే, పాటకు ఆధారమైన ‘స’యే, ఆ యంత్రం లెక్కలో అపస్వరం! డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి నిలబడ్డ నేలనే తప్పని తేల్చి, అరమెట్టు పక్కకు తోసేసింది. హార్మోనియం ఒకచోట, బాక్సుల్లో గొంతు ఇంకోచోట. మెట్టుకూ మెట్టుకూ మధ్య జారే దారిలో కదా రాగం ఉండేది? ఆ గమకాన్ని నరికి మెట్లు కట్టింది. హార్మోనియం ఆయన చేతులు ఆపేశాడు. పెద్దాయన కళ్లు తెరిచి, తప్పు తనదే అనుకుని, “వయసైపోయిందండీ, క్షమించండి” అన్నారు. ఆ క్షమాపణ కూడా నాలుగుసార్లు వినిపించింది.

ఎవరయ్యా మీరు, ఆయనకు శ్రుతి నేర్పడానికి? మెట్రిక్ కూడా చదవని ఆ మనిషి వేల పద్యాలు నాలుక మీద పెట్టుకుని అరవై ఏళ్లు ఊరూరా తిరిగాడు. ఒక్క మీట, ఆ ఒక్క మీట ముట్టుకోకుండా ఉంటే చాలు. గొంతు వణికితే వణకనివ్వండి. స్నేహితుడు పోయాడు, వణకదా? ఆ వణుకు వినడానికే కదా మేం వచ్చింది!

బల్ల దగ్గరికి వెళ్లి, అన్నీ తీసేసి ఉత్త గొంతు వదలమన్నాను. “ఎకో తీసేస్తే మైకు బాగాలేదంటారండీ. కిందటి నెల పెళ్లిలో తగ్గించానని సగం డబ్బులే ఇచ్చారు” అన్నాడు. పాతికేళ్లు కూడా లేవు. అబద్ధం చెప్పే ముఖం కాదు. అయినా నా మీది గౌరవంతో ఏదో మీట తిప్పాడు. సరిగ్గా అప్పుడే అధ్యక్షులవారు లేచి, “అందరూ లేచి నిలబడండి. ఇప్పుడు రెండు నిమిషాలు మౌనం” అన్నారు.

అతను తిప్పింది ఫీడ్‌బ్యాక్ మీట. తిప్పింది పైకి. అది చివరిదాకా పోతే ఎకోకు చావు ఉండదు.

నం... నం... నం... నం... అరవై మందిమి తలలు వంచుకుని నిలబడ్డాం. సెకనుకు మూడుసార్లకు పైగా, రెండు నిమిషాలకు 400 సార్లు. మధ్యలో ఒక ముసలమ్మ ఏదో మంత్రం అనుకుని చేతులు జోడించింది. మాస్టారి మనవడు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. మైకు దగ్గరికి వెళ్లి ఆపమని చెప్పవచ్చు గానీ, మౌనం పాటిస్తున్నాం కదా.

మర్నాడు మాస్టారి అబ్బాయి మైకుసెట్టు బిల్లు చూపించాడు. ఎకో ఛార్జీ రెండుసార్లు రాసి ఉంది.