కొరత కెప్టెన్లకే, కోపైలట్లకు కాదు

2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాక 'దేశంలో పైలట్లు లేరు' అనే మాట బెంగళూరు తెలుగు ఇళ్లలో గట్టిగా వినిపిస్తోంది. వైట్‌ఫీల్డ్, మారతహళ్లిలో ఇంటర్ ఎంపీసీ పిల్లలున్న తల్లిదండ్రులు ఫ్లయింగ్ స్కూళ్ల ఫీజులు వాకబు చేస్తున్నారు. ఊళ్లో పొలం అమ్మకానికి పెట్టే ముందు ఒక్కసారి ఆగండి.

కొరత ఉన్నది కెప్టెన్లకు. 200 గంటలు ఎగిరి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) తెచ్చుకున్న కుర్రాడు కెప్టెన్ కాలేడు. దానికి అవసరమైన పెద్ద లైసెన్సు ఏటీపీఎల్‌కే 1,500 గంటలు కావాలి. ఏదైనా ఎయిర్‌లైన్ కోపైలట్ సీటు ఇస్తే గానీ ఆ గంటలు పోగవ్వవు. జనమంతా ఆగిపోయింది ఆ సీటు దగ్గరే. 2023లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 1,600కు పైగా సీపీఎల్‌లు ఇచ్చింది. అదే ఏడాది గో ఫస్ట్ ఎయిర్‌లైన్ మూతపడి, అనుభవమున్న పైలట్లూ ఉద్యోగాల వేటలో పడ్డారు. సీపీఎల్‌కే అరకోటి దాటుతుంది. ఆపైన ఏ320 టైప్ రేటింగ్‌కు, అంటే ఆ రకం విమానం నడిపే అర్హతకు, మళ్లీ లక్షలు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా రేటింగులు రెన్యూవల్ చేయించుకోవాల్సిందే.

30,000 మంది పైలట్లు కావాలని మన పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు చెబుతున్నారు. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డరిచ్చిన మాటా నిజమే. కానీ అవి ఏళ్ల తరబడి విడతలవారీగా వస్తాయి. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా కట్టాలి.

డిసెంబరు గందరగోళానికి మూలం వేరు. పైలట్ల వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచి, రాత్రి ల్యాండింగులను తగ్గించే నిబంధనలు 2024 జనవరిలోనే వచ్చాయి. దాదాపు రెండేళ్ల వ్యవధి ఉన్నా ఇండిగో సరిపడా మందిని సిద్ధం చేసుకోలేదు. చివరికి డీజీసీఏ నిబంధననే సడలించింది. అలసిపోయిన పైలట్ చేతిలో ప్రయాణికుల ప్రాణాలు పెట్టడమంటే ఇదే!

శిక్షణ ఖర్చంతా కుటుంబం నెత్తిన వేయడం విమానాలతోనే మొదలుకాలేదు. బీటెక్ అయ్యాక కూడా మారతహళ్లి పీజీల్లో ఉంటూ, కోచింగ్ సెంటర్లకు డబ్బు కడుతున్న మన పిల్లలను చూడండి. కంపెనీలు 'స్కిల్స్ లేవు' అంటాయి, నేర్పే బాధ్యత మాత్రం తీసుకోవు. లాభం వారిది, అప్పు నాన్నది. ఇది అన్యాయం. ఎయిర్‌లైన్ ముందు పిల్లలను ఎంపిక చేసుకోవాలి, శిక్షణ ఖర్చు తానే భరించాలి, కావాలంటే బాండ్ రాయించుకోవాలి. విమానాల ఆర్డర్ ప్రకటించే రోజే ఏ ఏడాది ఎంతమంది కోపైలట్లను తీసుకుంటుందో కూడా చెప్పేలా డీజీసీఏ రూలు తేవాలి.