మైకులో మహిమ, దస్తావేజులో సగం రేటు

ఈ మధ్య మన చర్చి ఫ్లెక్సీలు చూస్తున్నారా? పైన ఓ మూల చిన్న అక్షరాల్లో 'దేవునికే మహిమ'. కింద దైవజనుడి నిలువెత్తు ఫొటో, పేరుకు ముందు నాలుగు బిరుదులు. ఇక రాంగ్ రూట్‌లో ఎదురొచ్చి మనల్నే తిట్టే కారు అద్దం మీద 'యెహోవా నా కాపరి'. వీటి మీద నేను వేసినన్ని జోకులు ఎవరూ వేసి ఉండరు. పోయిన ఆదివారంతో ఆ సరదా తీరిపోయింది.

చర్చిలో, దేవుడు చేసిన మేళ్లు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో మైకు తీసుకున్నాను. 'అందరికీ వందనాలు. దేవుడు మాకు సొంత స్థలం ఇచ్చాడు, ఏ అడ్డూ లేకుండా రిజిస్ట్రేషన్ జరిపించాడు, ఆయనకే మహిమ' అన్నాను. సంఘమంతా ఆమేన్ అంది. సగం డబ్బు క్యాష్‌గా ఇచ్చి, దస్తావేజులో తక్కువ రేటు రాయించామని మాత్రం చెప్పలేదు. స్టాంపు డ్యూటీ కలిసొచ్చింది, అదీ దేవుని కృపే అనుకున్నాను. నిజంగానే అనుకున్నానండీ!

ఆ రోజు వాక్యం బైబిల్లో యెహోషువ గ్రంథం 7వ అధ్యాయం. ముట్టుకోవద్దన్న యెరికో పట్టణపు కొల్లసొమ్ములో ఒక షీనారు వస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి కాజేసి గుడారంలో పాతిపెట్టిన ఆకాను కథ. సండే స్కూల్ నుంచీ వింటున్నదే. కానీ 19వ వచనం దగ్గర ఎప్పుడూ ఆగలేదు. దొరికిపోయిన దొంగతో నాయకుడు యెహోషువ ఏమంటాడు? దేవునికి మహిమ చెల్లించు, చేసింది దాచకుండా చెప్పు అంటాడు. పాట పాడమనలేదు, చప్పట్లు కొట్టమనలేదు. ఉన్నదున్నట్టు ఒప్పుకోమన్నాడు, అంతే. (తర్వాత ఆకానును రాళ్లతో కొట్టి చంపారు. నేనైతే ఆ భాగం గబగబా తిప్పేశాను.)

మా అమ్మ టైలర్. మైకంటే భయం, ఇంతవరకూ ఒక్క సాక్ష్యం చెప్పలేదు. బ్లౌజు కుట్టాక మిగిలిన ముక్క, బెత్తెడైనా సరే, మడిచి అదే కవర్లో పెట్టిచ్చేది. బొమ్మకు గౌను కావాలని నేను ఓ ఆకుపచ్చ పట్టు ముక్క పట్టుకుని ఏడిస్తే, 'అది వాళ్లది తల్లీ' అని నా చేతిలోంచి తీసేసుకుంది. ఒకసారి పొరపాటున ఒకావిడ బ్లౌజు చెయ్యి పొట్టిగా కత్తిరించింది. 'గుడ్డ చాల్లేదని చెప్పెయ్, ఎవరికి తెలుస్తుంది' అంది పక్కింటి పిన్ని. అమ్మ ఆ బ్లౌజు ఆవిడ వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడి, 'తప్పు నాదే అక్కా' అని డబ్బులు చేతిలో పెట్టింది. మాకు ఆ పండక్కి కొత్త బట్టల్లేవు.

శనివారం ఆ స్థలంలో శంకుస్థాపన ప్రార్థన. 'సమస్త మహిమ దేవునికే' అని బంగారు రంగులో వేయించిన కార్డులు అప్పుడే పంచేశాను. నిన్న అమ్మ ఫోన్ చేసింది. 'గజం ఎంత పడిందే?' అని అడిగింది. ఏ రేటు చెప్పాలో తెలియక, సిగ్నల్ లేదమ్మా అని పెట్టేశాను.