కుండీలో దుంప

మా బావగారి గృహప్రవేశంలో వ్రతం మొదలు కావడానికి ఇంకా సమయం ఉండటంతో, హాలు మూలనున్న ఫెర్న్ మొక్క మీద నా దృష్టి పడింది. కుండీకి గుచ్చిన చీటీ మీద "బోస్టన్" అని ఉంది. ఆయన దానిని కొన్న కడియం నర్సరీలో ఈకలాంటి ఆకున్న ప్రతి ఫెర్నూ బోస్టనే. ఆకు అంచులు ముడతలు పడితే డబుల్ బోస్టన్, నిటారుగా నిలబడే కింబర్లీ క్వీన్ అనే రకమైతే పొడుగు బోస్టన్. అసలు బోస్టన్ ఫెర్న్ 1894లో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్ వైపు వెళ్లిన నెఫ్రోలెపిస్ ఎక్సాల్టేటా అనే ఫెర్న్ జాతి మొక్కల మధ్య వేరుగా కనిపించిన రకం; దాని ఆకులు విల్లులా వంగి వేలాడతాయి. ఈ మొక్క మాత్రం బిర్రుగా నిలబడి, చిట్టి ఆకులు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నందున నాకు నెఫ్రోలెపిస్‌లోనే మరో జాతి అయిన కార్డిఫోలియాగా తోచింది. కార్డిఫోలియాకు మట్టిలో పాకే సన్నని తీగల మీద గుండ్రని నూగు దుంపలు ఊరుతాయి, ఎక్సాల్టేటాకు ఊరవు. కనుక పట్టుపంచె ఎగగట్టి కుండీలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను.

"ఏం పోయింది బాబూ?" అన్నారు బావగారి పెద్దమ్మ.

"ఏమీ పోలేదండీ, దుంప కోసం చూస్తున్నాను" అన్నాను.

పట్టుపంచె కట్టుకున్న మనిషి దుంప కోసం కుండీ తవ్వుతాడంటే ఏ పెద్దావిడా నమ్మదు కాబట్టి, నా ఉంగరం పోయిందని, పరువు కోసం దాస్తున్నానని ఆవిడే తీర్పు చెప్పేశారు. ఆ తరువాత ఒకరు సోఫా దిళ్లు ఎత్తారు, ఫొటోగ్రాఫరు లైటు తెచ్చి నా భుజం మీదుగా కుండీలోకి పట్టాడు, పురోహితుడు కలశం కింది బియ్యం జల్లించమన్నారు, ముఖమైనా తెలియని ఒకాయన అది ఎన్ని కాసులదని ఆరా తీశారు. మా అక్క మాత్రం ఏమీ మాట్లాడకుండా, నా ఎడమ చేతికి నిక్షేపంగా ఉన్న ఉంగరం వంకే చూస్తూ నిలబడింది.

సరిగ్గా అప్పుడే దుంప దొరికింది. కోకోపీట్ రాలుతున్న ఆ గోలీకాయంత దుంపను పైకెత్తి చూపిస్తే, ఉంగరం కాదని తెలిసి అందరూ నిట్టూర్చారు.

బావగారు అక్కడికక్కడే నర్సరీకి ఫోను చేసి, బోస్టన్ అని చెప్పి కార్డిఫోలియా అంటగట్టారేమని స్పీకరులో నిలదీశారు. అవతలి మనిషి తొణకకుండా, "మావాళ్లు దుంపలున్న బోస్టన్ పంపారా సార్? దాని రేటు వేరు, ఇంకో యాభై ఇవ్వాలి" అన్నాడు. ఆ యాభై బావగారు నన్ను ఇమ్మన్నారు.