కంపెనీ మునిగింది నిజమే, పాపం పండి మాత్రం కాదు

మొన్న ఇంట్లో భోజనాల దగ్గర రాయల్ ఆఫ్రికన్ కంపెనీ మాట వచ్చింది. ఇంగ్లండు రాజు ముద్ర వేసి మరీ బానిసల వ్యాపారం చేయించిన కంపెనీ. మా బావగారు నెయ్యి వేసుకుంటూ, "ఆఖరికి దివాలా తీసిందిగా, పాపం ఊరికే పోతుందా" అన్నారు. పెద్దాయన కదా అని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది. రెండు రోజులుగా అదే మెదులుతోంది, అందుకే ఇక్కడ వెళ్ళగక్కుతున్నాను.

ఆ కంపెనీ చేసినవి చిన్న పనులు కావు. ముందు వేరే పేరుతో నడిచి, 1672లో ఈ పేరుతో కొత్త చార్టర్, అంటే రాజుగారి అనుమతి పత్రం, తెచ్చుకుంది. మనవాళ్ళు ఎవరినైనా దీవిస్తే నిండు నూరేళ్ళు అంటారు, రెండో చార్లెస్ రాజు ఏకంగా వెయ్యేళ్ళు రాసిచ్చాడు. పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఇంగ్లిష్ వ్యాపారమంతా దీనికే గుత్త. కంపెనీ పెద్ద, అంటే గవర్నరు, రాజుగారి తమ్ముడే, డ్యూక్ ఆఫ్ యార్క్. కొన్న మనిషి ఒంటి మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో ఆయన బిరుదు పొడి అక్షరాలు, డి, వై, వేసేవాళ్ళు. సంతలో ఎద్దుకు వాత పెట్టినట్టు. అక్కణ్ణించి వచ్చిన బంగారంతో లండన్‌లో గినియా నాణేలు కొట్టి, కంపెనీ గుర్తుగా వాటి మీద చిన్న ఏనుగు బొమ్మ వేశారు. 1672 నుంచి 1720ల మొదటి వరకు దాదాపు లక్షన్నర మందిని ఓడల్లో అమెరికా, కరీబియన్ తీరాలకు చేర్చింది.

మరి ఎందుకు మునిగింది? బాకీలు. అంతే. బార్బడోస్, జమైకా చెరకు తోటల యజమానులు మనుషుల్ని అరువుకు కొనేవాళ్ళు, డబ్బు ఇవ్వమంటే రేపు మాపు అనేవాళ్ళు. అక్కడి చట్టసభలు వాళ్ళవే, కోర్టులూ వాళ్ళవైపే, ఇంక వసూలు ఎవరు చేస్తారు? పైగా ఆఫ్రికా తీరం పొడుగునా కంపెనీ కోటల ఖర్చు. ఫ్రాన్స్‌తో యుద్ధంలో ఓడలు పోయాయి. ఆ డ్యూకే జేమ్స్ రాజై, 1688లో సింహాసనం వదిలి పారిపోవడంతో వెనకున్న కొండంత అండా పోయింది. మరుసటి ఏడే డిప్యూటీ గవర్నరు ఎడ్వర్డ్ కోల్స్టన్ తన షేర్లలో కొన్ని కొత్త రాజు విలియంకి బదిలీ చేశాడు. గాలి ఎటు వీస్తోందో కనిపెట్టడంలో మొనగాడు. 2020లో ఇంగ్లండు రేవు పట్టణం బ్రిస్టల్ జనం విగ్రహాన్ని కూలదోసి నీళ్ళలో పడేశారే, ఆయనే.

నాకు ఒళ్ళు మండేది ఆ తర్వాతి ఘట్టానికి. బ్రిస్టల్ వర్తకులు, తోటల యజమానులు పార్లమెంటుకు అర్జీల మీద అర్జీలు పెట్టారు. ఏమని? మనుషుల్ని అమ్మడం తప్పని కాదు. ఒక్క కంపెనీకే ఆ హక్కేమిటి, స్వేచ్ఛగా పుట్టిన ప్రతి ఇంగ్లిష్ వాడికీ ఈ వ్యాపారం చేసుకునే హక్కు ఉందని! స్వేచ్ఛ అన్న మాటను ఇంతకంటే అడ్డంగా వాడినవాళ్ళు నాకు తెలియదు. 1698లో చట్టం వచ్చింది. కోటల ఖర్చు కింద కంపెనీకి పది శాతం కడితే ఎవరైనా ఓడ పంపుకోవచ్చు. 1712లో ఆ చట్టం గడువు తీరాక ఆ పది శాతం కూడా లేదు.

డిగ్రీలో మోనోపోలీ, అంటే ఈ గుత్తే, చెడ్డది, పోటీ మంచిది, పోటీ ఉంటే సరుకు పెరుగుతుంది అని రాసి నేనూ మార్కులు తెచ్చుకున్నాను. ఇక్కడా సరిగ్గా అదే జరిగింది. సరుకు పెరిగింది. 1807లో బానిసల వ్యాపారం మీద నిషేధం వచ్చేసరికి బ్రిటిష్ ఓడలు ఎక్కించుకున్నవాళ్ళ లెక్క 30 లక్షలు దాటింది. వాళ్ళలో ఎక్కువమంది కంపెనీ గుత్త పోయాక వెళ్ళినవాళ్ళే.

దీన్ని మనకు సంబంధం లేని గొడవ అనుకోకండి. ఆ తీరంలో మనుషులకు ధరగా ఇచ్చిన వాటిలో ఇనుప కడ్డీలు, తుపాకులు, మాల్దీవుల గవ్వలతో పాటు ఇండియా నూలు బట్టలూ ఉన్నాయి. గినీ బట్ట అనే రకాన్ని కోరమాండల్ తీరంలోనే నేయించి, నీలిమందులో ముంచి పంపేవాళ్ళు. మన మచిలీపట్నం కూడా ఆ తీరంలోదే. మగ్గం మీద కూర్చున్నవాడికి తను నేసిన బట్ట ఎక్కడ తేలుతుందో ఎవరు చెప్పి ఉంటారు?

కంపెనీ 1731లో బానిసల వ్యాపారం మానేసి ఏనుగు దంతాలు, బంగారు పొడి అంటూ ఇంకొన్నాళ్ళు ఈడ్చింది. కోటలు నిలబెట్టడానికి పార్లమెంటే ఏటా డబ్బిచ్చింది. 1752లో మూసేసినప్పుడు పరిహారం కూడా ముట్టింది. కోటలు వర్తకుల కొత్త సంఘం చేతికి వెళ్ళాయి. అందులో చేరడానికి రాజుగారి సిఫార్సు అక్కర్లేదు బావగారూ, 40 షిల్లింగులు కట్టి పేరు రాయించుకుంటే చాలు. ఒక గినియాకి 21 షిల్లింగులు. ఏనుగు బొమ్మ ఉన్నవి రెండు బల్ల మీద పెడితే, ఇంకా రెండు షిల్లింగులు చిల్లర వెనక్కి వచ్చేవి.