స్నానానికి వెళ్ళిన నాన్న

"నాన్న స్నానానికి వెళ్ళారు" అని అమ్మ చెప్పినప్పుడు విశాఖలో బుధవారం ఉదయం తొమ్మిదిన్నర. నేను అలాస్కా రాజధాని జూనోలో, ఓడ పక్కన రేవు మీద నిలబడి ఉన్నాను. అక్కడ ఇంకా మంగళవారం రాత్రి ఎనిమిది. జూన్ నెల కాబట్టి పొద్దు కుంకలేదు. మెండెన్‌హాల్ హిమానీనదం చూసొచ్చిన సంగతి చెబుదామని వీడియో కాల్ చేస్తే అమ్మ కెమెరా తీయలేదు. నెట్ సరిగ్గా లేదంది. మా నాన్న నలభై ఏళ్ళుగా ఆరు కొట్టేసరికి స్నానం ముగించే మనిషి. ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఫొటోలు పంపిస్తాలే అని ఫోను పెట్టేసి, పిల్లలతో ఐస్‌క్రీం తిని ఓడెక్కాను. పదింటికి ఓడ కదిలింది.

నాన్న అప్పటికి పదిహేను గంటలుగా ఆస్పత్రిలో ఉన్నారు. పక్షవాతం.

నిజం నాకు ఎవరూ చెప్పలేదు, జారిపడింది. మర్నాడు ఉదయం ఓడ స్కాగ్వేలో ఆగాక ఫోను తెరిస్తే, మా కుటుంబం గ్రూపులో ఎవరో పెట్టి తుడిచేసిన సందేశం ఒకటి, దాని కింద మూడు నమస్కారం బొమ్మలు. తుడిచినవాళ్ళు బొమ్మలను మరిచిపోయారు. ఎంవీపీ కాలనీలోనే ఉండే అక్కకు ఫోను చేశాను. "నీకు ఎవరు చెప్పారు?" అన్నది ఆమె మొదటి మాట.

ఓడ మీద ఉన్నవాడి దగ్గర కబురు దాచడం, ఇంట్లో ఉన్నవాడి దగ్గర దాచడం ఒకటి కావు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాడికి ఒక పూట ఆలస్యంగా తెలిస్తే ఒక పూట ఆలస్యంగా బయలుదేరతాడు. ఓడలో ఉన్నవాడికి ఒక పూట అంటే ఒక రేవు. జూనోలో పెద్ద విమానాశ్రయం ఉంది. స్కాగ్వేలో ఉన్నవి చిన్న విమానాలే. బయటికి పోయే రోడ్డు ఉంది గానీ అది కెనడాలోకి పోతుంది.

ఓడలో కౌంటర్ దగ్గరికి వెళ్ళి దిగిపోతానంటే ఆ అమ్మాయి ఎంతో నెమ్మదిగా ఒక కాగితం ముందు పెట్టింది. అమెరికాలో ఒక రేవులో ఎక్కిన ప్రయాణికుణ్ణి విదేశీ జెండా ఓడ, అంటే వేరే దేశంలో రిజిస్టరైన ఓడ, మరో అమెరికా రేవులో దింపకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. సియాటిల్‌లో ఎక్కి, మధ్యలో కెనడాలోని విక్టోరియాను తాకి, మళ్ళీ సియాటిల్‌లో దిగితే పేచీ లేదు. విక్టోరియాలో తోటలు చూపించడానికే ఆపుతారని ఇన్నాళ్ళూ అనుకున్నాను! నడుమ దిగితే జరిమానా ఓడ కంపెనీకి పడుతుంది, కంపెనీ దాన్ని మన ఖాతాలో రాస్తుంది. అత్యవసరమని ఆధారం చూపిస్తే అధికారులు పరిశీలిస్తారట. ఆస్పత్రి కాగితం అడిగింది. అక్క అడ్మిషన్ చీటీ ఫొటో తీసి పంపింది. చీటీ మీద తేదీ, సమయం స్పష్టంగా ఉన్నాయి. నేను జూనోలో దిగకముందే రాసిన చీటీ అది.

ఇన్సూరెన్సు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ప్రయాణంలో లేని తల్లిదండ్రులు ఆస్పత్రి పాలైనా ప్రయాణ బీమా చాలావరకు వర్తిస్తుంది. కాని ఇరవై ఏళ్ళ రక్తపోటును పాత జబ్బు కింద తోసేయకుండా ఉండాలంటే, చాలా పాలసీల్లో మొదటి వాయిదా కట్టిన రెండు మూడు వారాల్లోపే కొని ఉండాలి. నేను ప్రయాణానికి పది రోజుల ముందు కొన్నాను.

భార్యాపిల్లలు ఓడలోనే ఉండిపోయారు. నలుగురం దిగితే నాలుగు జరిమానాలు, నాలుగు టికెట్లు. "మామగారు ఆస్పత్రిలో ఉంటే కోడలు షికారు చేస్తోందా" అని విశాఖలో కొందరు అన్నారట. అన్నవాళ్ళలో ఆస్పత్రికి ఒక్క పూట క్యారియర్ పట్టుకెళ్ళినవాళ్ళు లేరు.

స్కాగ్వేలో మబ్బు దిగి విమానాలు నాలుగు గంటలు ఆగాయి. ఆ తర్వాత ముక్కాలు గంట ప్రయాణం చేసి దిగితే అదే జూనో, ముందు రాత్రి నేను ఐస్‌క్రీం తిన్న ఊరు. సియాటిల్ విమానం వెళ్ళిపోయింది. గురువారం ఉదయం దాకా కుర్చీలో కూర్చున్నాను. సియాటిల్‌లో ఇంటికి పరుగెత్తాల్సి వచ్చింది, ఎందుకంటే పాస్‌పోర్టు నా జేబులో ఉంది గాని, విదేశీ పౌరులైన మనవాళ్ళకు భారత ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు బీరువాలో ఉంది. అది లేకుండా భారత్ విమానం ఎక్కనివ్వరు. మా ఇల్లు సియాటిల్ పక్కనే కాబట్టి గడిచింది. అట్లాంటా నుంచి వచ్చి ఓడ ఎక్కినవాళ్ళు ఆ కార్డును సూట్‌కేసులో వేసుకోకపోతే ఏమవుతుందో ఊహించుకోండి. దోహా, హైదరాబాద్ దాటి విశాఖలో దిగేసరికి శనివారం ఉదయం. జూనోలోనే తెలిసి ఉంటే శుక్రవారం ఉదయానికి వచ్చేవాణ్ణి.

ఆ ఒక్క రోజు కోసం ఇంత రాద్ధాంతమా అని మా బావగారు అడిగారు. "చెబితే సముద్రం మీద నువ్వు చేసేది ఏముంది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నాన్నను కాపాడింది నేను కాదు, కింద వాటాలో అద్దెకుండే అబ్బాయి. మాట తడబడుతోందని, మూతి ఒక పక్కకు లాగిందని గమనించి, అమ్మ తులసి నీళ్ళు తాగిస్తుంటే గ్లాసు పక్కన పెట్టించి, ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్ళాడు. మెదడులో గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. గంటలోపే ఆస్పత్రికి చేరారు కాబట్టి అందింది. నేను శుక్రవారం వచ్చినా శనివారం వచ్చినా నాన్న కుడి చేయి ఇంతే కదిలేది.

అయినా బావగారి లెక్క ఒప్పుకోను. నేను వచ్చేది వైద్యం చేయడానికి కాదు. మూడు రాత్రులు ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న అమ్మ, ప్రతి సంతకానికీ వణికిన అక్క, వాళ్ళ పక్కన ఇంకొక మనిషి ఉండాలా వద్దా అన్నది నా నిర్ణయం. దాన్ని నా తరఫున ఇంకెవరో తీసుకున్నారు, ప్రేమతోనే తీసుకున్నారు. ప్రేమతో చేస్తే కోప్పడడానికి కూడా వీలు లేకుండా పోతుంది.

ఒకప్పుడు మనవాళ్ళు దీనికి పూర్తిగా తిరగేసి చేసేవారు. ఉత్తరాంధ్రలో రంగం (బర్మాలోని రంగూన్) వలసల కాలం నుంచి దూరాన ఉన్నవాడికి కబురు పంపడం ఒక విద్య. టెలిగ్రాం వచ్చిందంటే వీధి అంతా గుమిగూడేది. "తండ్రికి సీరియస్, వెంటనే బయలుదేరు" అని ఉంటే ఆ తండ్రి అప్పటికే పోయాడని అందరికీ అర్థమయ్యేది. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయింది. ఆ పెద్ద అబద్ధం పోయి వీడియో కాల్‌లో చిన్న అబద్ధం వచ్చింది. అప్పుడు మనిషిని రప్పించడానికి చెప్పేవారు, ఇప్పుడు రాకుండా ఆపడానికి చెబుతున్నారు.

ఇది నేర్పింది విదేశాల్లో ఉన్న మనమే. నా ఉద్యోగం పోయినప్పుడు నాలుగు నెలలు ఇంట్లో చెప్పలేదు. నా భార్యకు ఆపరేషన్ అయిన వారం, "ఊరికి వెళ్ళింది" అని అమ్మకు చెప్పాను. మన తెలుగు సంఘం పిక్నిక్‌లో పులిహోర తింటూ ఒక్కొక్కరిని కదిలించి చూడండి, అందరి దగ్గరా ఇలాంటివి రెండు మూడు ఉంటాయి. మనం దాస్తే అది బాధ్యత, వాళ్ళు దాస్తే చాదస్తం.

సముద్రం మనకు మాత్రమే సొంతం కాదు. విశాఖలోనూ 2023లో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు, ఇక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ఓడలు నడిచాయి. అండమాన్ ఓడ ఎప్పటినుంచో ఉంది, పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) చేరడానికి రెండు రోజులు దాటుతుంది. రేపు అమ్మానాన్నలు ఓడలో, మనం ఒడ్డున ఉండవచ్చు.

అందుకే నేను ఇంట్లోవాళ్ళను బతిమాలడం మానేసి ఒక పని చేశాను. కబురు చెప్పే పని కుటుంబం చేతుల్లోంచి తీసి కింద వాటా అబ్బాయికి అప్పగించాను. ఏం జరిగినా ముందు నాకు, తర్వాత అక్కకు, ఎంత రాత్రయినా సరే. నేను ఓడ ఎక్కితే ఏ తేదీన ఏ రేవో రాసిన కాగితం అతని దగ్గర ఉంటుంది. అతనికి నా మీద జాలి లేదు, కాబట్టి నమ్మవచ్చు.

నాన్న విశాఖ పోర్టులో మెరైన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. డాల్ఫిన్ నోస్ పక్కనుంచి ఇరుకు కాలువలోకి ఓడలు రావడం చూస్తూ జీవితం గడిపిన మనిషి. ఇప్పుడు మాట కూడబలుక్కుని మాట్లాడుతున్నారు. నేను వచ్చిన మూడో రోజు, ఏ రేవులో దిగావని అడిగారు. చెప్పాను. చాలాసేపు పెదవులు కదిపి, "మధ్యలో దిగేది... పైలట్ ఒక్కడే" అన్నారు. ఓడను రేవు దాటించాక పైలట్ తాడు నిచ్చెన మీదుగా చిన్న పడవలోకి దిగి వెనక్కి వచ్చేస్తాడు. నాన్న నవ్వారో, మూతి అలాగే ఉందో తెలియలేదు. నేను మాత్రం నవ్వాను.

అమ్మ కూడా ఈసారి ఏదీ దాచనని ఒట్టు పెట్టింది.

నిన్న రైతుబజారుకు వెళ్ళి వంకాయలు, ములక్కాడలు తెచ్చాను. గేటు దగ్గర కింద వాటా అబ్బాయి ఆపి, నేను వెళ్ళిన కాసేపటికే నాన్న బాత్రూములో తూలారని, తనే పట్టుకున్నాడని, దెబ్బ తగల్లేదని చెప్పాడు. ఫోను ఎందుకు చేయలేదంటే, చేశాను, మీ ఫోను ఇంట్లోనే మోగింది అన్నాడు. పైకి వెళ్ళాను. నాన్న మంచం మీద కూర్చుని ఉన్నారు. అమ్మ వంటింట్లో ఉంది.

"నేను లేనప్పుడు ఏమైనా జరిగిందా అమ్మా?"

"ఏమీ లేదు. ఎండలో వచ్చావు, ముందు మజ్జిగ తాగు."